గుమ్‌సాన్ దిబ్బ, బైరాన్‌పల్లి బురుజు

కొరియాలో 700 మందిని కలిపి పూడ్చిన చోట మనసులో పడిన ప్రశ్న ఒకటి జనగామ బండి ఎక్కించింది

బిట్రగుంటలో కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తిన్నగా జనగామలో దిగొచ్చు. బండి మారే పని లేదు. కావలి, ఒంగోలు, చీరాల, తెనాలి, బెజవాడ దాటి, ఖమ్మం, వరంగల్లు మీదుగా పొద్దుగూకే వేళకి జనగామ. చిన్నప్పట్నించీ ఈ పట్టాల పక్కనే బతికినవాణ్ణి. ఆ బండి మా ఊళ్ళో ఆగి కదలడం ఎన్ని వందలసార్లు చూశానో. దాంట్లో ఎక్కి జనగామలో దిగాలన్న ఆలోచన మాత్రం కొరియా వెళ్ళొచ్చాకే పుట్టింది.

మా పెద్దమ్మాయి కొరియాలోని డేజన్ నగరంలో పరిశోధన చేస్తోంది. నిరుడు సెప్టెంబరులో దాని దగ్గర నెల రోజులున్నాను. ఒక ఆదివారం పొద్దున్నే, "నాన్నా, ఇయాళ నిన్నొక చోటికి తీసుకుపోతా. గుడి కాదు, కోట కాదు. నీకు నచ్చుద్ది" అంది. బస్సులో గంటలోపే గుమ్‌సాన్ చేరాం. జిన్సెంగ్ వేరుకి పేరుబడ్డ ఊరు. మనకి అశ్వగంధ ఎట్లాగో వాళ్ళకి ఆ వేరు అట్లాగ. అంగడి వీధి పొడుగునా తడిమట్టి, పచ్చివేరు కలిసిన వాసన.

ఊరికి ఎడంగా కొండవాలు. ఒక వాకిలి దాటితే దేవదారు చెట్లు, ఇంకో వాకిలి దాటితే పూజా మందిరం, దాని వెనక ఒక దిబ్బ. పచ్చగడ్డి కప్పిన గుండ్రటి మట్టిదిబ్బ. దాని కింద 700 మంది ఉన్నారు. ఆ చోటు పేరు చిల్‌బెగుయ్‌చోంగ్. చిల్‌బెక్ అంటే ఏడు వందలు, ఉయ్ అంటే ధర్మం, చోంగ్ అంటే సమాధి. ధర్మం కోసం నిలబడ్డ ఏడు వందల మంది సమాధి అన్నమాట. పేరులోనే లెక్క ఉంది, కారణమూ ఉంది.

మేం వెళ్ళేసరికి ఒక పెద్దాయన దిబ్బ అంచున వంగి గడ్డిలోంచి కలుపు మొక్కలు పీకుతున్నాడు. అక్కడి పనివాడేమో అనుకున్నాను. కాదట. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, పక్కన మడిచిన కోటు పెట్టుకుని వచ్చిన యాత్రికుడే. పీకిన కలుపుని జేబురుమాల్లో మూటగట్టుకుని, రెండు చేతులూ తుడుచుకుని, నేలకి నుదురు ఆనేలా వంగి దండం పెట్టి వెళ్ళిపోయాడు. అదే కాలంలో వాళ్ళకి చుసొక్ పండగ వస్తుంది. మన మహాలయ పక్షాల్లాగే పెద్దలని తలుచుకునే రోజులు. పండగకి ముందే ఇంటిల్లిపాదీ వెళ్ళి తమ పెద్దల సమాధుల మీద గడ్డి కోసి శుభ్రం చేసుకుంటారని అమ్మాయి చెప్పింది. ఈ దిబ్బ కింద ఆయన తాత ముత్తాతలు ఉన్నారో లేదో నాకు తెలియదు. ఉండాల్సిన అవసరం లేదనిపించింది.

ఆ 700 మంది కథ 1592 నాటిది. ఆ ఏడు జపాను పాలకుడు టొయొటొమి హిదెయోషి చైనా మీదికి పోవడానికి కొరియాని దారిగా వాడుకోవాలని లక్షన్నర మందిని ఓడలెక్కించాడు. దిగిన మూడు వారాల్లోపే రాజధాని పడిపోయింది. రాజు ఉత్తరానికి పారిపోయాడు. అప్పుడు ఊళ్ళల్లోంచి లేచిన దళాలు యుద్ధం చేశాయి. వాటిని ఉయ్‌బ్యాంగ్ అంటారు, ధర్మ సైన్యమని. పండితులు శిష్యుల్ని పోగుచేశారు, బౌద్ధ భిక్షువులు తోటి భిక్షువుల్ని పోగుచేశారు, రైతులు ఉన్నపళాన కలిశారు. ఎవరికీ జీతం లేదు, ఎవరూ రాజు కొలువులో లేరు.

గుమ్‌సాన్ దళానికి పెద్ద జో హన్ అనే పండితుడు. ఈయన గురించి చదువుతుంటే ఒక దృశ్యం దగ్గర ఆగిపోయాను. అంతకు ముందు ఏడాదే జపాను దూత వచ్చి, చైనా మీదికి పోవడానికి దారి ఇమ్మని కబురు తెచ్చినప్పుడు, జో హన్ తన ఊరినించి కాలినడకన రాజధానికి వచ్చాడు. భుజాన గొడ్డలి. రాజప్రాసాదం వాకిట్లో ఆ గొడ్డలి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. దూత తల తీయించండి, యుద్ధానికి సిద్ధం కండి, నా మాట తప్పయితే ఈ గొడ్డలితో నా తల తీయండి అని విన్నపం పెట్టుకున్నాడు. ఎవరూ వినలేదు. ఏడాది తిరిగేసరికి యుద్ధం ఆయన ఊరి పొలిమేరకే వచ్చింది. ఇట్లాంటి మనిషి అప్పుడు ఇంట్లో కూర్చుని, చెప్పానా లేదా అని ఎత్తిపొడవొచ్చు. ఆయన దళం కట్టాడు.

జో హన్, యంగ్‌గ్యు అనే భిక్షువు దళంతో కలిసి చంగ్జు పట్టణాన్ని జపాను సేన చేతుల్లోంచి విడిపించాడు. ఆ గెలుపు తర్వాత ప్రభుత్వ అధికారుల అడ్డంకులతో దళంలో చాలామంది చెదిరిపోయారు. మిగిలిన 700 మందితో గుమ్‌సాన్ మీదికి నడిచాడు. ఎదుట పదివేలకు పైబడ్డ సేన. కలిసి రావాల్సిన ప్రభుత్వ సేనాని, ముహూర్తం వాయిదా వేద్దామని పంపిన ఉత్తరం సమయానికి అందలేదు. ఎనిమిదో చాంద్రమాసం 18వ రోజున జరిగిన ఆ పోరులో ఒక్కరూ వెనక్కి రాలేదు. నాలుగు రోజుల తర్వాత జో హన్ శిష్యులు వచ్చి, ఎవరిది ఏ శరీరమో చెప్పలేని స్థితిలో అందర్నీ పోగుచేసి ఒక్క చోట పూడ్చారు. పండితుడూ భిక్షువూ రైతూ ఒకే మట్టిలో. ఇప్పటికీ ఏటా సెప్టెంబరు 23న అక్కడ తద్దినం పెడతారు. 430 ఏళ్ళు దాటిన తద్దినం.

అక్కడ నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం దిబ్బ కాదు, ఒక రాయి. 1603లో ఆ వీరుల కథ చెక్కించి నిలబెట్టిన శాసనం. దగ్గరికెళ్ళి చూస్తే ఒంటినిండా అతుకులు. పగిలిన కుండని అతికినట్టు, ముక్కకీ ముక్కకీ మధ్య వంకర గీతలు, కొన్నిచోట్ల అక్షరం సగం ఈ ముక్కలో, సగం ఆ ముక్కలో. కొరియా జపాను ఏలుబడిలో ఉన్న రోజుల్లో, 1940లో, అక్కడి జపాను పోలీసు అధికారి ఆ మందిరాన్ని కూల్చి, శాసనాన్ని మందుపెట్టి పేల్పించాడు. 350 ఏళ్ళ కిందట చనిపోయినవాళ్ళంటే కూడా పాలకుడికి భయమే. ఊరివాళ్ళు ఆ ముక్కలు ఏరి దాచిపెట్టారు. ఊరికే ముక్కలు దాచడం కాదది. పట్టుబడితే ఏమవుతుందో తెలిసీ చేసిన పని. 1952లో చందాలు వేసుకుని దిబ్బనీ మందిరాన్నీ మళ్ళీ నిలబెట్టుకున్నారు. అప్పటికి దేశం ఇంకో యుద్ధంలో కాలిపోతోంది. ఆ కరువులో, ఆ బాంబుల కింద, వాళ్ళు ఈ పని మానుకోలేదు.

తిరిగొచ్చే బస్సులో అమ్మాయి అడిగింది. "నాన్నా, మనకిట్లాంటిది ఎక్కడుంది? రాజులు కాదు, సిపాయిలు కాదు. ఊరికోసం ఊళ్ళోవాళ్ళే నిలబడి చచ్చిపోయిన చోటు." నాకు వెంటనే జవాబు రాలేదు. రాలేదన్న బాధ డేజన్ చేరేదాకా ఉంది.

వాలంటీరు అనే మాట

మా వైపు వాలంటీరు అంటే చొక్కాకి రంగు రిబ్బను గుచ్చుకున్న కుర్రాడు. కొండబిట్రగుంట బ్రహ్మోత్సవాలప్పుడు ప్రసన్న వేంకటేశ్వరస్వామి గుడి దగ్గర తాడు పట్టుకుని జనాన్ని వరసలో నిలబెట్టేవాడు, మంచినీళ్ళు పోసేవాడు. నేనూ ఆ రిబ్బను పెట్టుకున్నవాణ్ణే. మా నాన్న బిట్రగుంట షెడ్డులో పొగ ఇంజన్ల కాలంలో ఫైర్‌మన్. పగలంతా కొలిమిలోకి బొగ్గు విసిరి వచ్చి, సాయంత్రం మాకు కథలు చెప్పేవాడు. ఆ కథల్లో వాలంటీరు అనే మాట వేరే అర్థంతో వచ్చేది. పుచ్చలపల్లి సుందరయ్య గారు పదిహేడేళ్ళకి, 1930లో, మద్రాసు కాలేజీ వదిలి ఉప్పు సత్యాగ్రహంలో వాలంటీరుగా చేరి జైలుకి పోయాడని చెప్పేవాడు. ఆయన మాకు దూరమేం కాదు. మాకు దక్షిణాన, ఇదే సముద్ర తీరం వైపు, విడవలూరు దగ్గర అలగానిపాడు. భూములున్న ఇంట్లో పుట్టి, పేరు చివరి రెడ్డి తీసేసి, కూలోళ్ళ పక్కన నిలబడ్డ మనిషి.

కొరియా నించి వచ్చాక ఆయన పుస్తకం మళ్ళీ తీశాను. తెలంగాణ ప్రజల పోరాటం, దాని గుణపాఠాల మీద 1972లో వచ్చినది. నిజాం ఏలుబడిలో దొరల మీద, వెట్టిచాకిరీ మీద 1946లో రాజుకుని 1951 అక్టోబరులో విరమించిన ఆ పోరులో ఊరి రక్షణ దళాల్లో పదివేల మంది, తిరుగు దళాల్లో రెండు వేల మంది పనిచేశారనీ, నాలుగు వేల మంది చనిపోయారనీ ఆయన లెక్క. ఆ పదివేల మందీ ఊళ్ళో రైతులు, కూలీలు, చేతివృత్తులవాళ్ళు. దొరలకి ఎదురుగా కట్టుకున్న ఊరి సంఘంలో చేరినవాళ్ళు. అదే పుస్తకంలో చేర్యాల దగ్గరి బైరాన్‌పల్లి అనే ఊరి కథ ఉంది, ఊళ్ళోవాళ్ళే ఊరికి కాపలా నిలబడి చనిపోయిన కథ. అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు నా బీరువాలోనే ఏళ్ళ తరబడి ఉంది.

ఇంకో సంగతి కూడా అప్పుడే పట్టుకుంది నన్ను. ఆ ఊరి మీద పడ్డవాళ్ళు రజాకార్లు, నిజాం ఏలుబడి నిలబెట్టడానికి మతం పేరుతో కట్టిన సాయుధ దండు. రజాకార్ అనే మాటకి అర్థం కూడా స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాడనే. వాలంటీరే. తనంతట తాను ముందుకు రావడం ఒక్కటే మనిషిని గొప్పవాణ్ణి చెయ్యదు. దేనికోసం వచ్చాడు, ఎవరి ఇంటి ముందు నిలబడ్డాడు అన్నది చూడాలి. కొరియావాళ్ళు పేరులోనే ధర్మం అన్న మాట చేర్చుకోవడం అందుకేనేమో. ఇక్కడ మతం పేరుతో లెక్క తేల్చేవాళ్ళకి ఒకటి చెప్పాలి. బైరాన్‌పల్లి ఘటనకి వారంలోపే ముందు, హైదరాబాదులో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని రజాకార్లని ఎదిరించి రాసినందుకే చంపేశారు. జనగామ ప్రాంతంలో విసునూరు దొరకి ఎదురుతిరిగి ప్రాణం పోగొట్టుకున్న మొదటివాళ్ళలో షేక్ బందగీ ఒకడు. ఊరివైపు నిలబడ్డవాళ్ళలో అన్ని రకాల పేర్లూ ఉన్నాయి.

వడిసెల, గుత్ప, బురుజు

జనగామలో రాత్రికి ఉండి, బైరాన్‌పల్లికని పొద్దున్నే సిద్దిపేట దారిలో చేర్యాల బస్సెక్కాను. అదంతా ఆ పోరాటానికి పురిటిగడ్డ. జనగామకి ఒకవైపు కడవెండి. 1946 జులై 4న దొర మనుషుల తుపాకీకి దొడ్డి కొమరయ్య నేలకొరిగిన ఊరు. అటువైపే, విసునూరు దొరని ఎదిరించిన ఐలమ్మ ఊరు పాలకుర్తి. మా వైపు పల్లంలో కాలవ నీళ్ళు చూసిన కళ్ళకి ఆ నేల గట్టిగా, ఎర్రగా, రాళ్ళమయంగా కనపడింది. రాయి ఆ యుద్ధంలో ఆయుధమైందంటే ఆశ్చర్యమేం లేదు.

వడిసెల మా ఊరి చేలల్లోనూ ఉండేది. నారతో పేనిన రెండు తాళ్ళు, మధ్యలో అరచేయంత అల్లిక. అల్లికలో రాయి పెట్టి, రెండు కొసలూ పట్టుకుని తలమీద గిరగిరా తిప్పి, ఒక కొస వదిలేస్తే రాయి ఈలేసుకుంటూ పోతుంది. మంచె మీద కూర్చున్న పిల్లలు కంకి మీద వాలే పిట్టల్ని తోలేది దాంతోనే. గురి కుదరాలంటే చిన్నప్పట్నించీ చేతికి అలవాటుండాలి. తెలంగాణ పల్లెల్లో ఆ పిల్లలే పెద్దయ్యాక అదే వడిసెలతో తుపాకులున్నవాళ్ళని ఆపారు. దానికి తోడు గుత్పలు, అంటే దుడ్డుకర్రలు. కొన్ని బర్మార్లు, గొట్టంలో మందు దట్టించి పేల్చే నాటు తుపాకులు. ఇళ్ళలో ఆడవాళ్ళు దంచిపెట్టిన కారం.

వీటికి తోడు బైరాన్‌పల్లికి బురుజు ఉంది. ఊరి మధ్య, రాయీ మట్టీ కలిపి కట్టిన ఎత్తయిన గుండ్రటి కట్టడం. పూర్వం దోపిడీ మూకల భయంతో కట్టుకున్నవే అక్కడి బురుజులన్నీ. 1948లో అది మళ్ళీ పనిలోకి వచ్చింది. పైన దళం కాపలా ఉండేది. పక్క ఊళ్ళని దోచి, తగలబెట్టి, సొత్తుతో వెళ్తున్న రజాకార్ల మీద బైరాన్‌పల్లి దళం పడి ఆ సొత్తు లాక్కుని ఎవరిది వాళ్ళకి ఇప్పించింది. అక్కడినించి ఆ ఊరి మీద కక్ష. ఒకటికి రెండుసార్లు దాడికి వచ్చారు. రెండుసార్లూ ఊరు తిప్పికొట్టింది.

1948 ఆగస్టు 27. ఈసారి రజాకార్లతో పాటు నిజాం పోలీసులు, వందల మంది, తెల్లవారకముందే ఊరిని చుట్టుముట్టారు. ఫిరంగి తెచ్చారు. వడిసెలకి ఎదురుగా ఫిరంగి. బురుజు మీదివాళ్ళు చేతిలో ఉన్నదంతా అయిపోయేదాకా నిలబడ్డారు. బురుజు చిక్కాక ఊరు చిక్కింది. ఇళ్ళలోంచి మగవాళ్ళని బయటికి లాగి, వరసలు కట్టించి కాల్చారు. ఆడవాళ్ళ మీద చేసిన అఘాయిత్యాలు ఆ ఊరు మాటల్లో చెప్పుకోవడానికి ఇష్టపడదు, నేనూ రాయను. అదే రోజు పక్కనున్న కూటిగల్లు మీదా పడ్డారు. బైరాన్‌పల్లిలో చనిపోయినవాళ్ళు 96 మంది అని కొందరు రాశారు, 118 అని కొందరు. గుమ్‌సాన్‌లో 430 ఏళ్ళ కిందటి లెక్క సమాధి పేరులోనే ఉంది. మన లెక్క, నిన్నమొన్నటిది, పుస్తకానికొక తీరుగా ఉంది. ఇది నాకు మింగుడుపడని విషయం. ఆ మధ్య తేడా 22. అంటే ఇరవై రెండు ఇళ్ళు, ఇరవై రెండు మంది తల్లులు.

ఇంకో లెక్క మాత్రం తేల్చుకోవడానికి ఏమీ లేదు. సెప్టెంబరు 13న భారత సైన్యం నిజాం రాజ్యంలో అడుగుపెట్టింది. 17న నిజాం లొంగిపోయాడు. ఆగస్టు 27 నించి సెప్టెంబరు 13కి 17 రోజులు. ఇంకో పదిహేడు రోజులు ఆ బురుజు నిలిచి ఉంటే, అనుకోకుండా ఉండలేం. నేను ఆ ఊళ్ళో ఉన్న మూడు గంటల్లో ఆ ఆలోచన కనీసం పదిసార్లు వచ్చింది. బురుజు మీద నిలబడ్డవాడికి ఆ లెక్క తెలియదు. వాడికి తెలిసింది కింద తన ఇల్లు ఉందన్నదే.

బురుజు ఇంకా ఉంది. చుట్టూ ఇళ్ళు, ఇళ్ళ మధ్య అది. కొత్త డాబాల పక్కన అది పాతకాలపు ముసలాయన కూర్చున్నట్టు ఉంది. దగ్గరికెళ్ళి చెయ్యి ఆనించాను. ఎండకి రాళ్ళు కాలుతున్నాయి, రాళ్ళ మధ్య సందుల్లో మట్టి మాత్రం చల్లగా ఉంది. వేలితో తాకితే పొడిపొడిగా రాలింది. వెంటనే చెయ్యి తీసేశాను. గుమ్‌సాన్ రాయికి అతుకులేసిన చేతులు గుర్తొచ్చాయి. అక్కడ మనిషి పేల్చాడు, మనుషులే అతికారు. ఇక్కడ వానలు పని చేస్తున్నాయి. రాయీ మట్టీ కట్టడానికి ఏటా వానల ముందు పూత పడాలి. మా ఊరి మట్టిమిద్దెలకి మా అమ్మ చేసినంత పని అది. బురుజు తనంతట తాను నిలబడుతుందనుకోవడం మన పొరపాటు.

ఊరి బయట అమరవీరుల స్తూపం ఉంది. ఆగస్టు 27న అక్కడికి జనం వస్తారు, దండలు వేస్తారు. నేను వెళ్ళింది మామూలు రోజు. ఎవరూ లేరు. స్తూపం అడుగున సిమెంటు బీటలో గడ్డి మొలిచింది. గుమ్‌సాన్ పెద్దాయన లాగే వంగి పీకాను. జేబురుమాలు తీసి మూటగట్టుకున్నాను. ఎందుకు అట్లా చేశానో ఎవరైనా చూసి అడిగితే చెప్పడం కష్టమయ్యేది.

అడిగారు కూడా. గొర్రెల్ని తోలుకుపోతున్న ఒక ముసలమ్మ ఆగి, "ఏడికెల్లి వచ్చిండ్రు సారూ?" అంది. నెల్లూరు దగ్గర బిట్రగుంట అన్నాను. ఆ ఊరు ఆమె వినలేదు. సముద్రం పక్కన అన్నాను. నా చేతిలోని గడ్డి మూటని కాసేపు చూసింది.

"గీండ్ల మీవోళ్లెవరన్న ఉన్నరా?"

లేరమ్మా అని చెప్పబోయి ఆగిపోయాను. మా నెల్లూరాయన ఒకాయన ఈ పోరాటంలో ఉన్నాడు, ఆయన రాసిన పుస్తకంలో మీ ఊరు చదివి వచ్చాను అన్నాను. ఆమె ఏమీ అనలేదు. గొర్రెల్ని అదిలించి నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, ఇంటికి రమ్మని చెయ్యి ఊపింది. గుమ్మంలో నిలబెట్టి చెంబుతో నీళ్ళిచ్చింది. నేను తాగినంతసేపూ నిలబడి ఉంది.

బస్సులో కూర్చున్నాక అమ్మాయికి బురుజు ఫోటో పంపాను. కొరియాలో అప్పటికి సాయంత్రం. "ఇది మన దగ్గరేనా నాన్నా?" అని రాసింది. మన దగ్గరే, మనూరి బండి ఎక్కితే చాలు అని రాశాను.